వత్తులకు చోటివ్వని వెబ్ పేజీలు

తెలుగు సైటు తెరిచిన కాసేపటికే కళ్లు అలిసిపోతున్నాయంటే, ఆ తప్పు రాసినవారిది కాకపోవచ్చు. ఇంగ్లీషు కోసం తయారైన థీమ్‌ను, అంటే పేజీ రూపురేఖల అచ్చును, తెచ్చి, కొలతలేవీ మార్చకుండా అందులో తెలుగు పోసేయడమే చాలాచోట్ల అసలు కారణమని నా అభిప్రాయం. ఇంగ్లీషు అక్షరం చాలావరకు గీత మీదే నిలబడుతుంది. మన అక్షరానికి పైనా కిందా కూడా సంసారం ఉంటుంది. ‘స్త్రీ’నే చూడండి: పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, దానికి తోడు క్రారవడి. పంక్తుల మధ్య ఎడం (ఒక పంక్తి గీత నుంచి తర్వాతి పంక్తి గీత వరకు) అక్షర పరిమాణానికి 1.2 రెట్లు మాత్రమే ఉన్న పేజీలో ఈ వత్తులు కింది పంక్తిలోని గుడులకు తగులుతాయి; ఎత్తు బిగించేసిన శీర్షికల పెట్టెల్లోనైతే సగానికి తెగిపోతాయి.

వెబ్ ప్రమాణాలను రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం, వైకల్యమున్నవారికీ పేజీలు అందుబాటులో ఉండాలని 2008లో వెలువరించిన మార్గదర్శకాల్లో అత్యున్నత స్థాయి నియమం పేరాలోని పంక్తులకు కనీసం ఒకటిన్నర రెట్ల ఎడం కోరుతుంది. అది తెలుగు కోసం ప్రత్యేకించి చెప్పింది కాదు, కనీస కొలత మాత్రమే కాబట్టి, తెలుగుకు నేను 1.8కి తగ్గను. బ్రౌజర్లు మామూలుగా ఇచ్చే 16 పిక్సెళ్ల అక్షరాన్ని 18కి పెంచితే వత్తులు విడివిడిగా కనిపిస్తాయి. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర ఉచితంగా అందించిన ఫాంట్లలో పాఠానికి ‘మండలి’ నాకు నచ్చుతుంది. ‘రామభద్ర’ శీర్షికల కోసం చేసిన లావు ఫాంటు. దానితో పేరాలు నింపేవారిని చూస్తే జాలేస్తుంది.

అచ్చుపుస్తకంలా ఉండాలని రెండు అంచులనూ సమం చేసే అలవాటు మరొకటి. ఫోను తెర మీద ‘ఒప్పుకోవలసివచ్చినప్పటికీ’ వంటి మాట పంక్తిలో పట్టక కిందికి జారిపోతే, మిగిలిన రెండు మూడు మాటల మధ్య బండి పోయేంత ఖాళీలు ఏర్పడతాయి. అదే నియమావళి ఈ పద్ధతినీ వద్దంటుంది; ఎడమ అంచు ఒక్కటీ సమంగా ఉంటే చాలు.

అరువు మాటల దగ్గర ఇంకొంత శ్రద్ధ కావాలి. పొల్లు తర్వాత కనిపించని విభజక అక్షరాన్ని చేర్చకపోతే ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’గా ముద్ద కట్టి, పాఠకుడు ఆ మాటను కూడబలుక్కోవలసి వస్తుంది. ఇక తెలుపు మీద లేత బూడిదరంగు అక్షరాలు ఎండలో అసలు కనబడవు. సాధారణ పాఠానికి అక్షరాల రంగుకూ వెనకరంగుకూ మధ్య వెలుగులో కనీసం 4.5కి 1 వ్యత్యాస నిష్పత్తి ఉండాలన్నది ఆ మార్గదర్శకాల మాటే. పేజీ భాషను ‘తెలుగు’ అని కోడ్‌లో ప్రకటించడం కూడా మరవకూడదు. అది లేకపోతే తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ పాఠానికి తెలుగు గొంతును ఎంచుకోకపోవచ్చు.