గుణదల కొండ మీద మా అత్త

మాది ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. మా మావ, అంటే మా ఆయన, ప్రతి ఆగస్టులో గుజరాత్ వెళ్ళిపోతాడు, వెరావల్లో బోటు మీద పని, మళ్ళీ ఇంటికొచ్చేది మే నెలాఖరుకే. మా ఊర్లో చాలా ఇళ్ళు ఇంతే, మగాళ్ళు ఉన్న ఆ రెండు నెలల్లోనే పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, పిల్లల జ్ఞానస్నానాలు అన్నీ అయిపోవాలి, మిగతా నెలలంతా ఏ పని ఎత్తుకున్నా "ఆలొచ్చాక చూద్దాం" అనే మాటే. నేనూ పెళ్ళైన దగ్గర్నుంచి అలాగే బతికాను. బోటు సముద్రంలోకెళ్తే పదిహేను ఇరవై రోజులు ఫోను కలవదు, కలిసిన రోజు పండగ, కలవని రోజులు రోజులే కావన్నట్టు ఉండేది నాకు.

2018 నవంబర్లో అలా గుజరాత్ వెళ్ళిన మా జిల్లా, విజయనగరం జిల్లా మనుషులే పాకిస్తాన్ వాళ్ళకి దొరికిపోయి కరాచీ జైల్లో పడ్డారు కదా, వాళ్ళలో ఇరవై మందిని 2020 జనవరిలో వాఘా దగ్గర విడిచిపెట్టారు. ఆ పద్నాలుగు నెలలు మా తీరంలో నిద్రపోయిన తల్లి లేదు. మా మావ ఆ బోట్లలో లేడు గానీ మా అత్త అప్పుడే మొక్కుకుంది, నా కొడుకు ప్రతి ఏడూ ఇంటికొస్తే విజయవాడ గుణదలలో మరియ మాత కొండ ఎక్కుతానని. ఆ మొక్కు కూడా మావొచ్చాక వెళ్దాం అంటూ నేనే ఏళ్ళ తరబడి ఆపాను. పండగేమో ఫిబ్రవరిలో, 9, 10, 11 తారీకుల్లో, ఆ టైముకి మావ ఎప్పుడూ సముద్రంలోనే ఉంటాడు, అంటే ఎప్పటికీ అవ్వని పని. 2025 మా కతోలిక సభకి పాతికేళ్ళకోసారి వచ్చే జూబిలీ ఏడు, ఫ్రాన్సిస్ పోపు గారు మనందరం నిరీక్షణ యాత్రికులం అన్నారు అని గుడిలో ఫాదర్ గారు చెప్పారు, ఆ రాత్రే మా అత్త సంచీ సర్దీసింది. "నువ్వొస్తే రా పిల్లా, లేపోతే నేనే ఎల్పోతాను" అంది.

పులిహోర, అరిసెలు, రెండు దుప్పట్లు, పదేళ్ళ మా బాబు. ఆమదాలవలసలో జనరల్ బోగీ ఎక్కాం. దూసి, పొందూరు, చీపురుపల్లి దాటుతుంటే మాతో వచ్చిన ఆడవాళ్ళు జపమాల మొదలెట్టారు, నెల్లిమర్ల వచ్చేసరికి బోగీలో సగం మంది "మంగళవార్త", మరియమ్మ జపం, కలిపి చెప్తున్నారు, ఇవతల కూర్చున్న వేరే వాళ్ళు కూడా కాళ్ళు ముడుచుకుని చోటిచ్చారు. విజయనగరం దాటాక కొత్తవలస అని బోర్డు చూసి మా బాబు అడిగాడు, ఎక్కిన ఊరు వలసే, ఇదీ వలసేనా అని. ఎక్కడినుంచో వచ్చి నిలదొక్కుకున్నవాళ్ళ ఊర్లురా అన్నాను. పక్కనున్న మా అత్త వెంటనే అందుకుంది, "మనవీ ఒలసే బాబూ, మనిల్లు పైనుంది" అని. ఆవిడ ఈ మాట రోజూ అంటుంది, చేపలు ఆరబెడుతూ కూడా అంటుంది, కానీ ఆ రైలు కుదుపులో ఎందుకో నాకు గట్టిగా తగిలింది.

ఆవిడకి ఒక ట్రంకు పెట్టుంది. అందులో తను పోయాక కట్టాల్సిన తెల్లచీర మడతపెట్టి దాచుకుంది, దాని కిందే కొత్త వలకి కూడబెట్టిన డబ్బులు. రెండూ ఒక్క పెట్టెలోనే. పరలోకం అంటే అంత ఆశ ఉన్న మనిషి పొద్దున్నే నాలుక్కి లేచి ఉప్పుచేప తిరగేస్తుంది, వల కుడుతుంది, డ్వాక్రా మీటింగుకి నాకన్నా ముందే వెళ్ళి కూర్చుంటుంది. కానీ రెండేళ్ళుగా వల కుట్టే దారం సూదిలో నన్నే ఎక్కించమంటోంది. శుక్లం ముదిరిందని, ఆపరేషన్ చెయ్యాలని డాక్టర్ చెప్పీశాడు. మావొచ్చాక చేయిద్దాం అన్నాను. మావొచ్చాడు, ఆ రెండు నెలల్లో పెళ్ళిళ్ళే సరిపోయాయి, వెళ్ళిపోయాడు. మళ్ళీ ఇంకో ఏడు.

గుణదలలో జనం గురించి ఎంత చెప్పినా తక్కువే. 1924లో అక్కడ అనాథ పిల్లల్ని చూసుకునే ఆర్లాటి ఫాదర్ అని ఇటలీ నుంచి వచ్చినాయన కొండ గుహలాంటి చోట మాత విగ్రహం పెట్టారట, ఇప్పుడు చూస్తే ఇసకేస్తే రాలదు. తలనీలాలు ఇచ్చేవాళ్ళు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, చంటిపిల్లలు. బాబు జుట్టు తీయించాం. తర్వాత కొండ ఎక్కడం మొదలెట్టాం, దారి పొడుగునా సిలువ మార్గం స్థలాలు, అంటే యేసు సిలువ మోసుకెళ్ళిన కథ చూపించే చోట్లు, ఉంటాయి, ఒక్కో చోట ఆగి ప్రార్థన చెప్పుకుంటూ. ఏడో స్థలం దగ్గర మా అత్త మెట్టు తడబడి కూర్చుండిపోయింది. రెండోసారి యేసు పడిపోయిన స్థలం అది. "సామే ఇక్కడ పడ్డాడు, నేను కూకుంటే ఏటైంది" అని నీళ్ళు తాగింది. నేను పైన సిలువ చూపించి, అదిగో అత్తా ఇంకాస్తే, అన్నాను. ఆవిడ చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఏదే? నాకు మబ్బులాగే ఉంది. ఉందంటే ఉంటాదిలే, పద" అంది.

నా గుండె జారిపోయింది. కోపం కూడా లేదు ఆ మాటలో. సిలువ కనిపించకపోయినా ఉందని నమ్మి ఎక్కుతోంది ఆవిడ, కనిపించేలా చెయ్యాల్సిన దాన్ని నేను ఎవరో వచ్చేదాకా ఆగుదాం అని కూర్చున్నాను. ఆశ పెట్టుకోవడం అంటే చేతిలో పని పక్కనపెట్టడం అని నాకెవరు నేర్పారో తెలీదు, ఆవిడైతే నేర్పలేదు.

మర్నాడు 11న పూజలో ఫాదర్ గారు బెర్నదెత్తు గురించి చెప్పారు. 1858లో ఫ్రాన్స్ దేశం లూర్దులో మాత ఆ పిల్లకి కనిపించి, నిన్ను ఈ లోకంలో కాదు, వచ్చే లోకంలో సంతోషపెడతాను అని మాటిచ్చిందట. అంత మాట విన్న పిల్ల తర్వాత ఏం చేసిందంటే నెవేర్ కాన్వెంట్లో రోగులకి సేవ చేసింది, తనకే ఒంట్లో బాలేకపోయినా చేసింది, 35 ఏళ్ళకే పోయింది. 11 లూర్దు మాత పండగ కదా, ఇదే రోజు ప్రపంచమంతా గుళ్ళల్లో రోగుల కోసం ప్రార్థన చేస్తారన్నారు. నేను అత్త చెయ్యి పట్టుకునే ఉన్నాను, పూజ అయ్యేదాకా వదల్లేదు.

తిరుగు రైల్లో సామర్లకోట దాటాక మావ ఫోను కలిసింది, బోటు ఒడ్డుకొచ్చిందట. కొండ ఎక్కారా అనడిగాడు. ఎక్కాం, వచ్చే వారం అత్తకి కన్ను ఆపరేషన్ చేయిస్తున్నాను మావా అన్నాను. నేనొచ్చాక చేయించకూడదా అన్నాడు. నువ్వొచ్చేసరికి నిన్ను చూడాలి కదా ఆవిడ అన్నాను. అటువైపు ఇంజను చప్పుడు తప్ప ఏం వినిపించలేదు కాసేపు, తర్వాత సరే డబ్బులు పంపుతాను అన్నాడు.

శ్రీకాకుళంలో చేయించాం. చుక్కల మందు, నల్లద్దాలు, తలస్నానం వద్దు, వంటింటి పొగ దగ్గరకి రావద్దు అని ఆవిడతో రోజూ యుద్ధం. నెలన్నర తర్వాత దగ్గర చూపుకి కళ్ళద్దాలిచ్చారు. ఆ సాయంత్రం ట్రంకు పెట్టె తీసి తెల్లచీర ఎండలోకి తెచ్చి విప్పింది, అంచు దగ్గర పురుగు కొట్టిన చిన్న కన్నం ఉంది, ఎన్నాళ్ళ నుంచి ఉందో. నేను సూది అందుకోబోతే వద్దంది. దారం కొస తడిచేసుకుని తనే ఎక్కించుకుంది, చీర కుట్టి మడతపెట్టి లోపల పెట్టీసి, అదే సూదితో బాబు నిక్కరు కుట్టడానికి కూర్చుంది.