కారం గడ్డకట్టకుండా: ఐదో వారం తూకాలు

మా తిరుపతిలో అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలప్పుడు. కొండ మీద మబ్బు దిగిందంటే మా వంటింట్లో పెట్టిన తేమ మీటర్ 85 శాతం దాటేస్తుంది. పోయినేడు ఈ రోజుల్లోనే అరకిలో కారం గడ్డకట్టింది, ధనియాల పొడికి పురుగు పట్టింది, రెండూ పారబోశాం. మే ఎండల్లో మిద్దె మీద ఆరబోసి మిల్లులో ఆడించుకొచ్చిన కారం అది, తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

అందుకే ఈసారి తూకం పెట్టి చూస్తున్నా. పొడి తేమ పీలిస్తే బరువు పెరగాలి కదా. ఒకే కారాన్ని 200 గ్రాముల చొప్పున ఒక డబ్బాలో, రెండు సీసాల్లో పోశాను, వీటిలోంచి వాడేది లేదు, ప్రతి ఆదివారం తూచడమే. ఐదో వారం తూకాలివి:

మూత వదులైన స్టీలు డబ్బా: 208 గ్రాములు.
రబ్బరు వాషరున్న గాజు సీసా, అలమరలో: 201.
అదే రకం సీసా, పొయ్యి పక్కన, వంట చేసినప్పుడల్లా మూత తీసి పెట్టింది: 206.

ఆ మూడోది చూసి ఆశ్చర్యపోయా. సీసా ఎంత మంచిదైనా, పొయ్యి దగ్గర పెట్టి మాటిమాటికీ తెరుస్తుంటే దాదాపు స్టీలు డబ్బాతో సమానమైంది. అమ్మ చిన్నప్పటి నుంచి చెప్తూనే ఉంది, "ఉడికే పులుసు మీద డబ్బా వంచొద్దురా, ఆవిరంతా అందులోకే పోతుంది" అని, ఇప్పుడు అంకెల్లో కనబడింది.

దాంతో పద్ధతి మార్చా. వారానికి సరిపడా కారం, పసుపు, సాంబారుపొడి చిన్న సీసాల్లో, మిగతాదంతా పెద్ద సీసాల్లో పొయ్యికి దూరంగా, వెలుతురు తగలని అలమరలో (వెలుతురుకి కారం రంగు వెలిసిపోతుంది, పసుపు కూడా అంతే). పెద్ద సీసా వారానికి ఒక్కసారే, అదీ పొయ్యి మీద ఏమీ లేనప్పుడు తీస్తా. స్పూను తడిగా ఉందేమో చూడ్డానికి రెండు సెకన్లు చాలు. తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు గుడ్డసంచిలో కట్టి అలమరలో పెట్టా, పొడిలో మాత్రం వేయను. నాది నారింజ రంగు రకం, తేమ పట్టి ఆకుపచ్చగా మారగానే ఓవెన్‌లో వేడిచేసి మళ్ళీ వాడుతున్నా.

ధనియాల పొడి ఎక్కువ కొట్టి పెట్టడం మానేశాను. పొడి చేశాక వాసన తొందరగా పోతుంది, గింజగా ఉంటే నెలలు నిలుస్తుంది. పది రోజులకి సరిపడా వేయించి, పూర్తిగా చల్లారాకే మూత పెడుతున్నా, వెచ్చగా ఉండగా మూసేస్తే లోపల చెమ్మ పట్టి మొదటికే వస్తుంది. కొత్తగా తెచ్చిన ధనియాల్ని ముందు కవర్‌తో సహా వారం రోజులు ఫ్రీజర్‌లో ఉంచా, పురుగు గుడ్లుంటే చచ్చిపోతాయని. బయటికి తీసిన వెంటనే కవర్ విప్పకండి, గది వేడికి వచ్చేదాకా ఆగండి, లేకపోతే చల్లటి గింజల మీద నీళ్ళు పడతాయి.

ఇంకా కుదరంది పోపుల డబ్బా. రోజూ నాలుగైదుసార్లు తెరుస్తాం, పొయ్యి పక్కనే ఉండాలి. ప్రస్తుతానికి గిన్నెల్లో సగం సగమే నింపుతున్నా, ఆవాలు, మినప్పప్పుకి పర్లేదు గానీ ఇంగువ పొడి మెత్తబడుతూనే ఉంది. వచ్చే ఆదివారం నుంచి ఇంగువని విడిగా చిన్న సీసాలో పెట్టి దాన్నీ తూస్తా.