యమదంష్ట్రల వేళ వేపపువ్వు

వసంతం అనగానే మనకు కోయిల, మావిచిగురు, కవి సమ్మేళనం. దేవీభాగవతం తృతీయ స్కంధంలో వ్యాసులవారు జనమేజయుడికి చెప్పింది వేరు. శరత్తు, వసంతం రెండూ యమదంష్ట్రలు, అంటే యముడి కోరలు, ప్రాణులకు రోగాలు తెచ్చే కాలాలు, కాబట్టి ఈ రెండు ఋతువుల్లోనూ తప్పక నవరాత్ర పూజ చేయాలి అన్నారాయన. శరన్నవరాత్రులు మనం ఘనంగానే చేస్తాం. చైత్ర శుద్ధ పాడ్యమి నుంచి మొదలయ్యే వసంత నవరాత్రులు మాత్రం నవమి పందిట్లో పానకం తాగేదాకా చాలామందికి గుర్తే రావు.

ఇప్పుడు ఉగాది పచ్చడి తినేటప్పుడు చదివే శ్లోకాన్ని ఈ మాట పక్కన పెట్టి చూడండి.

శతాయుర్వజ్రదేహాయ సర్వసంపత్కరాయ చ
సర్వారిష్టవినాశాయ నింబకందళభక్షణమ్

ఇందులో మామిడికాయ ఊసు లేదు, బెల్లం ఊసు లేదు. ఉన్నది వేప ఒక్కటే. జీవితంలో కష్టసుఖాలను సమానంగా తీసుకోవాలని షడ్రుచుల గురించి టీవీల్లో ఏటా చెబుతారు, అది తప్పని నేననను. కానీ ఈ శ్లోకం ముందుగా అడుగుతున్నది ఆయుష్షు, గట్టి ఒళ్లు. యముడి కోరకు ఎదురుగా నిలబడ్డ రోజున ఇంటిల్లిపాదీ కలిసి ప్రాణం కోసం చేసుకునే ప్రార్థన ఇది. ఊరికే పెదవులతో చదివితే చాలదు, చేదు గొంతు దిగాలి.

ఈ సంగతి నాకు ఒంటికి పట్టింది 2020లో. శార్వరి నామ సంవత్సర ఉగాది మార్చి 25న వచ్చింది. ముందు రోజు రాత్రే ప్రధాని టీవీలో 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. తిరుమలలో భక్తుల దర్శనాలు 20నే ఆగిపోయాయి. మా వీధి చివర రామాలయానికి తాళం. పూలకొట్టు లేదు, మామిడాకులు అమ్మేవాళ్లు లేరు. పక్క ఖాళీ స్థలంలోని వేపచెట్టు కొమ్మ ఒకటి మా డాబా పిట్టగోడ మీదికి ఒరిగి ఉంటుంది. దానికి గుత్తులు గుత్తులుగా పువ్వు.

పిల్లలు కోసుకొచ్చిన గుత్తుల్ని అత్తయ్యగారు పళ్లెంలో వేసుకుని కూర్చున్నారు. కాడలు దూసి, పువ్వును రెండు అరచేతుల మధ్య మెల్లగా నలిపి, చేటలో పోసి చెరిగారు. నలకలు, పుల్లలు పోయి తెల్లటి రేకులు మిగిలాయి. వేళ్లు చేదెక్కాయా లేదా అని పిల్లలు నాకి చూసుకుంటున్నారు. ఆ ఏడు పచ్చడిలో అరటిపండు లేదు, జీడిపప్పు లేదు. వేపపువ్వు మాత్రం నిండా ఉంది.

తలంటు పోసుకుని, పరగడుపున అందరం వరసగా కూర్చుంటే ఆవిడే చేతిలో పెట్టారు. ఆఫీసుకు టైమైందనే మనిషి లేడు, ట్యూషన్ అనే పిల్ల లేదు. కొత్త పంచాంగం పుస్తకం ఇంటికి చేరలేదు, అందుకని మా చిన్నవాడు ఫోన్‌లో చూసి చదివాడు. తిథి వల్ల సంపద, వారం వల్ల ఆయుష్షు, నక్షత్రం వల్ల పాపనాశం అని పంచాంగ ఫలం వస్తుంది కదా, 'యోగాద్రోగనివారణమ్' దగ్గరికి రాగానే మామయ్యగారు ఆపమని, 'అది ఇంకోసారి చదువు నాన్నా' అన్నారు. ఎప్పుడూ ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు విని లేచిపోయే ఇల్లు మాది. ఆరోజు ఎవరూ లేవలేదు.

వేప తింటే కరోనా రాదని నేను చెప్పడం లేదు. అప్పుడు అలాంటి మెసేజ్‌లు కుప్పలుగా వచ్చాయి, శాస్త్రం పేరు చెప్పి జనాన్ని మోసం చేయడం పాపం. పూజ పూజే, వైద్యం వైద్యమే. కానీ మన పెద్దవాళ్లకు ఈ కాలం సంగతి తెలుసు. పల్లెల్లో ఎండలు ముదిరే వేళ అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ మండలు చూసి పైవాళ్లు లోపలికి వచ్చేవారు కాదు, ఇంట్లోవాళ్లు ఊరి మీద తిరిగేవారు కాదు. జబ్బుపడ్డ బిడ్డను వేపాకు మీద పడుకోబెట్టి, ఆ బిడ్డలోనే తల్లిని చూసి, గట్టిగా కసిరేవారు కూడా కాదు. రోగాన్ని చూసి భయపడాల్సినంత భయపడుతూనే రోగిని దేవతలా చూసుకోవడం... ఇంతకన్నా పెద్ద భక్తి నాకు తెలియదు. 2020లో కొన్నిచోట్ల జబ్బు వచ్చిన ఇంటివాళ్లను వెలివేసినట్టు చూశారని విన్నప్పుడు నా కడుపు తరుక్కుపోయింది. వేప మండ కట్టడం మరిచాం సరే, ఆ కరుణ ఎలా మరిచాం?

ఆ తొమ్మిది రోజులూ సాయంత్రం దీపం వేళకు ఇంట్లో అందరూ ఉండేవాళ్లం. పక్కగదిలో ఎవరు దగ్గినా గుండె ఝల్లుమనేది. లలితా సహస్రనామం చదువుతూ 'సర్వవ్యాధిప్రశమనీ' అన్న నామం రాగానే అందరి గొంతూ ఒక్కసారి పెరిగేది. ఏప్రిల్ 2న భద్రాద్రి రాముడి కల్యాణం భక్తులు లేకుండా జరుగుతుంటే టీవీ ముందు చాప వేసుకుని, అక్షతలు పట్టుకుని కూర్చున్నాం. అత్తయ్యగారు కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. రోడ్ల వెంట పిల్లల్ని ఎత్తుకుని సొంతూళ్లకు నడిచిపోతున్న కూలీలను అదే టీవీలో చూశాం. మన గుమ్మంలోపలి అరిష్టం పోతే చాలనుకునేవాడికి ఈ శ్లోకం చదివే అర్హత లేదని నాకు అప్పుడే అనిపించింది.

మరి ఇప్పుడు? స్వీట్ షాపు నుంచి డబ్బాలో పచ్చడి. డ్రై ఫ్రూట్స్ ముక్కలు, పైన పేరుకు నాలుగు వేప రేకులు, అవీ పిల్లల గిన్నెలోంచి ఏరేసి మరీ ఇస్తున్నారు. టిఫిన్ అయ్యాక, ఫొటో దిగాక, తలా ఒక స్పూను. అమ్మలారా, ఆ చేదును పిల్లలకు దూరం చేయకండి. ముఖం చిట్లించనీయండి, నీళ్లు తాగనీయండి, కానీ తిననీయండి. వాళ్ల నూరేళ్ల కోసమే కదా ఆ శ్లోకం. పొద్దున ఒక్క పావుగంట ఫోన్లు పక్కన పెట్టి, అందరూ ఒకేచోట కూర్చుని, ఇంట్లో పెద్దవాళ్ల చేత్తో పెట్టించుకోండి. పెద్దవాళ్లు ఊళ్లో ఉంటే ఫోన్ చేసి వాళ్ల నోటితో శ్లోకం చెప్పించుకుని తినండి. అమెరికాలో చెట్టెక్కడిది అంటారేమో, చైత్రంలో రాలిన పువ్వును నీడన ఎండబెట్టి సీసాలో పెడితే ఏడాది ఉంటుంది, చారుకు వాడుకునేది అదే. మీ ఊరి నుంచి ఎవరైనా బయల్దేరితే ఆవకాయతో పాటు గుప్పెడు అది కూడా తెప్పించుకోండి.