పదో తరగతి సర్టిఫికెట్‌లోని పుట్టుమచ్చ

నా పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తింపు చిహ్నంగా రాసిన మచ్చ ఎడమ మోచేతి కింద ఉంది. ముప్పై ఏళ్లు దాటినా అది కందిగింజను మించి పెరగలేదు. పేరుకు పుట్టుమచ్చే గాని ఇలాంటివి చాలావరకు పుట్టిన తరువాత వచ్చేవే. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో దాదాపు సగం మందిలో కనిపించే జన్యులోపమే ఈ మామూలు మచ్చల్లో ఎక్కువ వాటిలోనూ ఉంటుందని చదివినప్పుడు, చొక్కా చేయి మడిచి దాన్ని మరోసారి చూసుకున్నాను.

రంగునిచ్చే మెలనోసైట్ కణానికి బయటి నుంచి పెరుగుదల సంకేతం అందితే రాస్ ప్రోటీన్ మేల్కొని రాఫ్‌ను, రాఫ్ మెక్‌ను, మెక్ ఎర్క్‌ను ప్రేరేపిస్తాయి; ఇవన్నీ సంకేతాన్ని మెట్టుమెట్టుగా అందించే ప్రోటీన్లే. ఎర్క్ కేంద్రకంలోకి వెళ్లి విభజనకు కావలసిన జన్యువులను పనిలోకి దించడమే కాక, పై మెట్లను అణచి సంకేతాన్ని తగ్గిస్తుంది కూడా. రాఫ్ రకాల్లో ఒకటైన బీరాఫ్ ప్రోటీన్‌లో 600వ స్థానాన వాలీన్ అనే అమైనో ఆమ్లానికి బదులు గ్లుటామేట్ అనే మరో అమైనో ఆమ్లం చేరితే, అది రాస్ పిలుపు కోసం ఆగదు, ఆ అణచివేతకూ లొంగదు. నేను చదివిన జన్యులోపం ఇదే. మెలనోమాలో ఈ మార్పును 2002లో బ్రిటన్‌లోని శాంగర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు వెల్లడించారు.

మరి నా మచ్చ ఎందుకు ఆగింది? అతిగా వచ్చిన సంకేతాన్ని పసిగట్టిన కణం, కొంతకాలం విభజన చెందాక, పీ16 వంటి నిరోధక ప్రోటీన్ల సాయంతో తనను తానే నిలిపివేసుకుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్లనో మరో కారణం చేతనో ఆ నిరోధకాలు కూడా దెబ్బతిన్నప్పుడే మెలనోమాకు దారి తెరుచుకుంటుంది.

2011లో అమెరికాలో అనుమతి పొందిన వెమురాఫెనిబ్ అనే మందు, మారిన బీరాఫ్‌ను అడ్డుకొని చాలామందిలో కణితులను వేగంగా కుదించింది. అయితే అదే రోగుల్లో కొందరికి చర్మంపై వేరే రకం క్యాన్సర్ గడ్డలు లేచాయి. బీరాఫ్ సవ్యంగా ఉండి రాస్ చెడిన కణాల్లో రాఫ్‌లు జతకడతాయి. మందు జతలో ఒకదానికి అంటుకుంటే రెండోది మరింత చురుకవుతుంది. మెక్‌ను ఆపే మందును కూడా జోడించాక ఈ బెడద బాగా తగ్గింది.

మన దేశంలో మెలనోమా అరికాళ్లలోనూ గోళ్ల కిందా రావడం ఎక్కువ. దాన్ని ఆనె అనుకొని బ్లేడుతో చెక్కుకునేవారూ ఉన్నారు. ఈ రకంలో బీరాఫ్ మార్పు తక్కువ. కొందరిలో రాస్ కుటుంబానికి చెందిన ఎన్‌రాస్, మరికొందరిలో కణపు పొర మీద బయటి సంకేతాలను అందుకునే కిట్ గ్రాహకం చెడి, అదే దారి పై మెట్టు నుంచే తెరుచుకుంటుంది. అటువంటి కణాలకు వెమురాఫెనిబ్ ఇస్తే ఆపవలసిన సంకేతమే హెచ్చే ప్రమాదం ఉంది. అందుకే మందు రాసే ముందు కణితి ముక్కను జన్యు పరీక్షకు పంపుతారు.