మొసలిని చూసి వచ్చాను

జర్మనీలో లైప్‌సిగ్ నుంచి హాలెకు లోకల్ రైలులో అరగంట ప్రయాణమని అందరూ చెప్పారు గాని, ఆ రోజు బండి మధ్యలో ఆగిపోవడంతో నాకు గంటన్నర పట్టింది. దిగగానే కొన్న నీళ్ళ సీసా ధరను రూపాయల్లోకి మార్చుకున్నాను. ఆ డబ్బుతో గుంటూరులో ఇద్దరం మెస్సులో భోజనం చేసి కిళ్ళీ కూడా వేసుకోవచ్చునని తేలాక ఆ నీళ్ళు గొంతు దిగలేదు.

నేను వెళ్ళింది బెంజమిన్ షుల్ట్జె పుస్తకాల కోసం. 1719లో తమిళ తీరంలోని తరంగంబాడి చేరిన ఈ జర్మన్ మిషనరీ, తోటివారితో పొసగక మద్రాసుకు మకాం మార్చి, అక్కడ తెలుగు నేర్చుకొని 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. అది 1984 దాకా అచ్చుకు నోచుకోలేదు. అయితే ఆయన హాలెకు తిరిగి వచ్చాక, 1746, 1747 సంవత్సరాల్లో ఆ ఊళ్ళోనే తెలుగు లిపిలో చిన్న మత గ్రంథాలను అచ్చు వేయించాడు. మన లిపిలో అచ్చయిన తొలి పుస్తకాలుగా పరిశోధకులు వీటినే చూపిస్తారు. ఇంత తెలిసి కూడా, పాత పుస్తకం కావాలంటే ముందుగా ఉత్తరం రాసుకోవాలన్న సంగతి నాకు తట్టలేదు. నా చేతిలో ఉన్నది ఒక్క రోజు. తప్పు పూర్తిగా నాదే కాబట్టి ఎవరినీ తిట్టుకోలేకపోయాను.

ఆ పాత పుస్తకాలున్న చోటు ఫ్రాంకె సంస్థలు, అంటే ఒకనాటి అనాథాశ్రమం, బడులు, గ్రంథాలయం ఉన్న ఆవరణ. దాని ముఖద్వారానికి ఎదురుగానే ఎత్తయిన రోడ్డు వంతెన ఒకటి వాహనాల మోతతో సాగిపోతుంది. తలెత్తితే భవనం నెత్తిన సూర్యుడి వైపు ఎగురుతున్న రెండు పక్షిరాజులు, వాటి కింద బైబిలులోని యెషయా గ్రంథపు వాక్యం కనిపిస్తాయి. ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె అనే పాస్టరు 1695లో తన ఇంట్లోని దానపు పెట్టెలో 4 తాలర్ల 16 గ్రోషెన్లు (ఆనాటి జర్మన్ నాణేలు) కనబడగా, ఆ సొమ్ముతోనే పేద పిల్లలకు బడి మొదలుపెట్టాడు. మూడేళ్ళకు ఈ అనాథాశ్రమానికి శంకుస్థాపన జరిగింది. అంతకు ముందు అతడిని లైప్‌సిగ్‌లో నిలవనీయలేదు, ఎర్‌ఫుర్ట్ నుంచి వెళ్ళగొట్టారు. సంస్కర్త మార్టిన్ లూథర్ మత సిద్ధాంతాన్ని సరిచేసినా క్రైస్తవుల బతుకులు మారలేదని, సామాన్యులు ఇళ్ళలో కూడి బైబిలు చదువుకోవాలని ఫిలిప్ యాకోబ్ స్పేనర్ 1675లో వాదించాడు. ఫ్రాంకె ఆ దారిలో నడిచినవాడు. అలాంటి కూటాలు పీఠాల మీద కూర్చున్న పండితులకు సహజంగానే కంటగింపు అయ్యాయి.

స్పేనర్ కూటాల గురించి తొలిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. బ్రాడీపేటలో మా నాయనమ్మ ఇంట్లో ప్రతి బుధవారం జరిగే గృహకూటం అచ్చం ఇలాగే ఉండేది. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళే వాక్యం చదివి, వాళ్ళే అర్థం చెప్పుకొనేవారు. పాస్టరుగారు వస్తే మాత్రం అందరూ గొంతు తగ్గించేవారు.

గ్రంథాలయాన్ని గడప దగ్గర నుంచి చూశాను. 1728లో పూర్తయిన ఆ గదిలో పుస్తకాల అరలు నాటకశాలలోని పక్క తెరల్లా ఒకదాని వెనుక ఒకటి నిలబడి ఉన్నాయి. ఆ తరువాత అటక మీదికి ఎక్కాను. పదహారు బీరువాల్లో గవ్వలు, ఎముకలు, మిషనరీలు మన తీరం నుంచి పంపిన వస్తువులు, తాటాకులు ఉన్నాయి. పైకప్పు నుంచి ఒక మొసలి వేలాడుతూ ఉంది. తెలుగు అక్షరం కోసం ఇంత దూరం వచ్చిన నేను ఆ మొసలి కింద చాలాసేపు నిలబడిపోయాను. ప్రార్థన గురించి అంతగా పట్టుబట్టిన మనుషులు ఈ వింతలన్నీ ఎందుకు పోగుచేశారో మొదట అంతుపట్టలేదు. పిల్లలకు సృష్టిని కళ్ళెదుట చూపించి చదువు చెప్పడమే ఇక్కడి పద్ధతి అని తెలిశాక, ఆ మొసలి కూడా ఒక పాఠ్యపుస్తకంలాగే కనిపించింది.

ఆవరణలో లిండెన్ చెట్ల కింద బెంచీ మీద పక్కన కూర్చున్న పెద్దావిడ, తూర్పు జర్మనీ రోజుల్లో ఈ ఇళ్ళ కప్పులు కుళ్ళి వాన లోపలికి కురిసేదని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. మాది ఏ దేశమని అడిగితే చెప్పాను. మేం లూథరన్లం, అంటే లూథర్ బోధను అనుసరించే క్రైస్తవులం, అని కూడా అన్నాను. భారతదేశంలో లూథరన్లా అని ఆశ్చర్యపోయింది. నాకు కొంచెం ఒళ్ళు మండింది. మాకు వాక్యం చెప్పినవాళ్ళు మీ ఊరి నుంచే కదా వచ్చారు అందామని నోటి దాకా వచ్చింది గాని, అది పూర్తి నిజం కాదని ఆగిపోయాను.

ఆ లెక్క తిరుగు రైలులో వేసుకున్నాను. హాలె వాళ్ళు 1742లో హెన్రీ మెల్కియోర్ ముహ్లెన్‌బర్గ్‌ను పెన్సిల్వేనియాకు పంపారు. అక్కడ ఆయన నిలబెట్టిన లూథరన్ సంఘాల తరఫున సరిగ్గా నూరేళ్ళకు, 1842లో, అమెరికా మిషనరీ హయ్యర్‌గారు గుంటూరుకు వచ్చారు. షుల్ట్జె మన లిపిని నేరుగా హాలెకు తీసుకొచ్చి అచ్చు వేయించినా, మా ఇంట్లో ఆయన పేరు విన్నవాళ్ళు లేరు. అమెరికా చుట్టి వచ్చిన హయ్యర్‌గారి పేరు మాత్రం నాయనమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

రాత్రి అమ్మకు ఫోను చేసి ఇదంతా వివరంగా చెప్పాను. అంతా విని, "ఆ మొసలి నిజందేనా?" అని అడిగింది. నిజందేనని, లోపల మాత్రం ఏదో కూరారని చెప్పాను.