గండికోట పనోరమా: దూరపు కొండలు నునుపే, దగ్గరి బండతోనే తంటా

గండికోట లోయను ముక్కలుగా తీసి అతికించిన పనోరమా మళ్లీ అతుకు దగ్గర తెగింది. అవతలి కొండ గోడ కుదిరింది, కింద పెన్నా నీళ్లు కుదిరాయి, ఆకాశంలో అతుకు వెతికినా దొరకదు. ట్రైపాడ్ ముందున్న బండ అంచు మాత్రం మెట్లు మెట్లుగా విరిగి కూర్చుంది. చీకటితోనే ప్రొద్దుటూరులో బండి తీసి, జమ్మలమడుగు మీదుగా వెళ్లి, కోట దాటి బండల మీద చోటు పట్టుకుని తీసిన పనోరమా ఇది. కంప్యూటర్‌లో నూరు శాతం జూమ్ చేసి చూసినప్పుడు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

ఎక్స్‌పోజర్ బాగా వచ్చింది, సూర్యుడి పక్కన కూడా రంగు నిలిచింది. దాని గురించి అంతే.

సెటప్ ఇదీ: సోనీ ఏ7-3 కెమెరా, 24 ఎంఎం ప్రైమ్ (జూమ్ లేని) లెన్సు, కెమెరా నిలువుగా, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య 30 డిగ్రీలు. అపర్చర్ ఎఫ్11, ఫోకస్ 1.8 మీటర్ల దగ్గర పెట్టి రింగుకు టేపు అంటించేశాను. రెండు వరసలు తీశాను: ఒకటి మట్టంగా, ఇంకొకటి 40 డిగ్రీలు కిందికి వంచి. ఇక్కడ ఒక్క వరసతో పని జరగదు. దాదాపు 300 అడుగుల లోతు తెలియాలంటే మనం నిలబడ్డ బండ, దాని అంచు, ఆ తర్వాతి ఖాళీ మూడూ ఒకే బొమ్మలో ఉండాలి. బండ లేకుండా తీస్తే అది క్యాలెండర్ ఫొటో, అలాంటివి ఇప్పటికే వేలల్లో ఉన్నాయి.

శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద డ్యామ్ వైపు తీసినప్పుడు ఈ గొడవ రాలేదు. అక్కడ లెన్సుకు దగ్గరగా ఏమీ లేదు. గడ్డీ పొదలూ ఉన్నచోట 20 పిక్సెళ్ల తేడా వచ్చినా ఎవరూ పట్టుకోలేరు. గండికోట రాయి వేరు. ఇది క్వార్ట్‌జైట్. పొరలు అడ్డంగా, చీలికలు నిలువుగా ఉండటంతో పేర్చిన ఇటుకల్లా చదరంగా విరుగుతుంది. ప్రతి అంచూ తిన్నటి గీతే. ఆ గీత మీద నాలుగైదు పిక్సెళ్లు జరిగినా కన్ను అక్కడికే పోతుంది.

ఇక కొలతలు. బండ అంచు లెన్సు నుంచి 1.2 మీటర్లు. మట్టం వరసలో పక్కపక్క ఫ్రేముల మధ్య తేడా 3 నుంచి 5 పిక్సెళ్లు. నోడల్ స్లయిడ్ (లెన్సు సరిగ్గా తిరిగే ఇరుసు మీదికి వచ్చేలా కెమెరాను ముందుకూ వెనక్కీ జరిపే పట్టీ) రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే అంతే వస్తుంది, దాన్ని అతుకుల్ని కలిపేసే బ్లెండింగ్ మింగేస్తుంది. కింది వరసలో పక్కపక్క ఫ్రేముల మధ్య మాత్రం దాదాపు 120 పిక్సెళ్లు! పై వరసకూ కింది వరసకూ మధ్య ఇంకో రకం తేడా: ఫ్రేము మధ్యలో సున్నా, అంచుల వైపు పోయేకొద్దీ పెరిగి 60 వరకు. ఫ్రేములు అతికించే సాఫ్ట్‌వేర్ హ్యూగిన్ మాత్రం సగటు తేడా 1.8 అని చూపించి చేతులు దులుపుకుంది. అది తనంతట తాను పెట్టుకున్న కంట్రోల్ పాయింట్లన్నీ (రెండు ఫ్రేముల్లోనూ ఒకటేనని గుర్తుపట్టిన చుక్కలు) అవతలి గోడ మీదే ఉన్నాయి. గోడ వంద మీటర్ల పైన దూరం కాబట్టి అక్కడ ఈ తేడా ఒకటి రెండు పిక్సెళ్లకు మించదు. బండ మీద చేత్తో పాయింట్లు పెడితే గానీ అసలు అంకెలు బయటికి రాలేదు.

మొదట గాలిని అనుమానించాను. ఆ అంచున గాలి మామూలుగా ఉండదు. కానీ గాలి ఊపితే ఫ్రేము మసకబారాలి, ఇక్కడ ప్రతి ఫ్రేమూ పదునుగానే ఉంది. తర్వాత ట్రైపాడ్ కాలు జారిందేమో అనుకున్నా. జారితే ఆ ఫ్రేము నుంచి తేడా ఒకేవైపు పోవాలి, అలా లేదు. స్లయిడ్ క్లాంపు వదులేమో అని పెన్సిల్‌తో గీత పెట్టి చూశా, చివరిదాకా గీత గీత మీదే ఉంది. లెన్సు డిస్టార్షన్ అయితే మట్టం వరసలోనూ కనిపించాలి. మేడ మీద రెండు దారాలు వేలాడదీసి చేసిన పరీక్షలో స్లయిడ్ పాసైంది కూడా. అయితే ఆ పరీక్ష జరిగింది కెమెరా మట్టంగా ఉన్నప్పుడు.

దొంగ దొరికింది ఆ 60 పిక్సెళ్ల తీరులో. మధ్యలో సున్నా, ఎడమ అంచున ఎడమకు, కుడి అంచున కుడికి. అంటే కింది వరసలో బండ పెద్దదిగా పడింది, కెమెరా దానికి దగ్గరగా జరిగింది. ఎంత జరిగిందో చూద్దామని స్కేలు తీశా. కెమెరాను ఎటైనా వంచే నా బాల్ హెడ్‌లో బంతి మధ్య నుంచి లెన్సు అక్షం దాకా ఎత్తు 110 మిల్లీమీటర్లు. బంతి మీద 40 డిగ్రీలు వంచితే ఎంట్రన్స్ ప్యూపిల్ (లెన్సు ఎక్కడి నుంచి చూస్తుందో ఆ బిందువు, పనోరమాలో ఇది కదలకూడదు) 71 మి.మీ. ముందుకు, 26 మి.మీ. కిందికి పోతుంది. మొత్తం 75 మి.మీ. దగ్గరైనట్టు. 1.2 మీటర్ల దూరంలో అది ఆరు శాతం పైనే. ప్యానింగ్ (పక్కకు తిప్పే) ఇరుసు బంతి కింద ఉంది కాబట్టి, కింది వరస తీస్తున్నంతసేపూ ప్యూపిల్ 71 మి.మీ. వ్యాసార్థంతో చుట్టూ తిరుగుతూనే ఉంది. 30 డిగ్రీలకు దాదాపు 37 మి.మీ. పక్కకు. 24 ఎంఎం, 24 మెగాపిక్సెళ్ల లెక్కలో అది సరిగ్గా ఆ 120 పిక్సెళ్లు. అంకె కలిసినప్పుడు మాత్రం సంతోషం వేసింది, అబద్ధం ఎందుకు.

సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొద్దామనీ చూశాను. కెమెరా జరిగిన తేడాను సరిచేయడానికి పీటీగుయ్ ప్రో అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో వ్యూపాయింట్ కరెక్షన్ ఉంది, హ్యూగిన్‌లో ట్రాన్స్‌లేషన్ పారామీటర్లు ఉన్నాయి. రెండూ చదునైన తలాలకే పనిచేస్తాయి. బండ పైభాగం కుదిరితే దాని నిలువు ముఖం సాగుతుంది, ముఖం సరిచేస్తే పైభాగం ఒంగుతుంది. ఏ ఫ్రేములో ఏ భాగం వాడాలో మాస్కులు గీసి అతుకును చీలికల వెంట నడిపించడం ఒక దారి. ఒక సాయంత్రమంతా అదే పని చేశాను. దూరం నుంచి చూస్తే ఫర్వాలేదు, పెద్ద ప్రింటుకు పనికిరాదు.

చేతిలో ఉన్న సామానుతోనే ఒక ఉపాయం తట్టింది. వంచాక స్లయిడ్‌ను వెనక్కి లాగితే ప్యూపిల్ మళ్లీ బంతి మీదికి వస్తుంది, కాకపోతే కొంచెం పైకి లేస్తుంది. ఆ మేరకు ట్రైపాడ్ మధ్య కడ్డీ, అంటే సెంటర్ కాలమ్, దించాలి. 40 డిగ్రీలకు 92 మి.మీ. వెనక్కి, 34 మి.మీ. కిందికి. నా స్లయిడ్ 140 మి.మీ.ది. మట్టంగా ఉన్నప్పుడే 70 వాడేస్తుంది, ఇక 92 ఎక్కడిది? అందుకని వంపు 25 డిగ్రీలకు తగ్గించా: 51 వెనక్కి, 11 కిందికి. మరుసటి ఆదివారం వెళ్లి అలాగే తీశా. కింది వరసలో తేడా 120 నుంచి 8 పిక్సెళ్లకు దిగింది. అయితే బండ మొదలు ఫ్రేములోంచి పోయింది. వెంట వచ్చిన మా బావమరిది నీడలో కూర్చుని "ఇంకా అయిపోల్యా బావా? బండ కాలిపోతాంది" అని కేకలు. పది దాటితే అక్కడ చెయ్యి కూడా పెట్టలేం, వాడిది న్యాయమే.

రెండు వరసల పనికి అసలు మందు మల్టీ రో హెడ్, అంటే వంచినా తిప్పినా ప్యూపిల్ కదలని హెడ్. నోడల్ నింజా లాంటిది నాకు నచ్చుతుంది, తేలిక, డిగ్రీలు లెక్కగా పడతాయి. మాన్‌ఫ్రోటో 303 ఎస్‌పీహెచ్ గట్టిదే కానీ రెండు కిలోల పైనే బరువు, ఆ బండల మీద మోసుకుని గెంతడం నావల్ల కాదు. సెంటర్ కాలమ్ ఎత్తి గాలిలో వాడటం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు, ఈ ఉపాయంలో దించడమే కాబట్టి సరిపోయింది. బాల్ హెడ్‌తో రెండు వరసలు లాగేయొచ్చని చెప్పేవాళ్ల బొమ్మల్లో దగ్గర వస్తువు ఏదైనా ఉందో లేదో ముందు చూడండి.

కొత్త హెడ్ కొనేముందు లేత్ షాపులో ఒక ఎల్ ఆకారం బ్రాకెట్ చేయించాలనుకుంటున్నా. 6 మి.మీ. అల్యూమినియం పట్టీ, నిలువు చేయి మీద ప్యూపిల్ ఎత్తులోనే ఇరుసు, అప్పుడు వంచినా ప్యూపిల్ కదలదు. ఇరుసుకు బేరింగ్ వేయాలా, మామూలు బోల్టూ వాషరూ చాలా అన్నది తేలలేదు. బ్రాకెట్ కుదరకపోతే 200 మి.మీ. స్లయిడ్ తెప్పించి పై ఉపాయంతోనే 40 డిగ్రీలు లాగొచ్చు, 70, 92 కలిపి 162 చాలు కాబట్టి సరిపోతుంది. 50 ఎంఎం పెట్టి ఇంకా వివరంగా తీయాలని ఉంది కానీ అందులో ఇదే తేడా రెట్టింపవుతుంది, బ్రాకెట్ కుదిరాకే ఆ సంగతి.

మేడ మీద ఈసారి దారాలకు బదులు తులసి కోట అంచు పెట్టి, కింది వరసే ముందు తీసి చూస్తా. అది పాసైతే గండికోటలోని ధాన్యాగారం లోపల కూడా తీయాలి. గోడలు దగ్గరగా ఉంటాయి, పారలాక్స్‌కు, అంటే చూసే చోటు జరిగితే దగ్గరి వస్తువు జరిగినట్టు పడే ఈ తేడాకు, అసలైన పరీక్ష. లోపల ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి, ఆ అర్జీ ఇప్పుడే పెట్టేయాలి. లోయకు మాత్రం దసరా సెలవుల జనం తగ్గాక, కార్తీకంలో వెళ్దామని. నీళ్లూ నిండుగా ఉంటాయి, బండా అంత కాలదు.