కోఠీ రెసిడెన్సీ, దాని వెనకున్న బుల్లి మేడ

పాత పుస్తకాల కోసం కోఠీలో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు కానీ, ఆ గోడ అవతల ఉన్న రెసిడెన్సీలోకి, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ వాళ్ల ప్రతినిధి ఉండే మేడలోకి మాత్రం పోయిన నెలే మొదటిసారి వెళ్లాను. తోడు మా పిన్ని. ఆమె డిగ్రీ చదివింది అక్కడే, అప్పుడది కోఠీ ఉమెన్స్ కాలేజీ, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం.

చెట్లు దాటగానే మేడ ఒక్కసారిగా కళ్లముందు లేచి నిలబడింది. వెడల్పాటి మెట్లు, అటూ ఇటూ సింహాలు, తలల మీద ఆకుల చెక్కడాలున్న ఆరు కొరింథియన్ స్తంభాలు, పైన ముక్కోణపు గోడ మీద ఈస్టిండియా కంపెనీ చిహ్నం. స్తంభం పాలరాయేమో అని చెయ్యి పెట్టి చూశాను. కాదు, ఇటుక కట్టుబడి మీద సున్నంతో తీర్చిన నునుపు, అరచేతికి చల్లగా తగిలింది.

హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంట్‌గా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో దీన్ని మొదలుపెట్టాడు. డిజైన్ మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రసెల్‌ది, ఖర్చు నిజాంది. పెద్ద కాగితం మీద గీసిన ప్లాన్ చూసి నిజాం ఒప్పుకోలేదట, అదే ప్లాన్‌ని చిన్న ముక్క మీద గీసి తీసుకెళ్తే సరేనన్నాడట. తీరా పని పూర్తిగా ముగిసేలోపే, 1805లో, కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు.

దర్బారు హాలు వెనక రెండువైపుల నుంచీ పైకి వెళ్లే మెట్ల దగ్గర పిన్ని చాలాసేపు కదల్లేదు. "ఇక్కడే కూర్చుని నోట్స్ రాసుకునేవాళ్లమే" అంది మెట్ల రెయిలింగ్ పట్టుకుని.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం మేడ వెనకున్న దాని నమూనా. కిర్క్‌పాట్రిక్ పెళ్లాడిన ఖైరున్నీసా పరదాలో, జనానాలో (ఆడవాళ్లకు విడిగా ఉండే ఇంట్లో) ఉండేది. మేడ ముందువైపు ఎలా ఉంటుందో ఆమెకు చూపించడానికి ఈ బుల్లి మేడ కట్టించాడని చెప్పుకుంటారు. 1805లోనే ఆమె ఇద్దరు పిల్లల్నీ ఇంగ్లండ్ పంపించేశారు, ఆ తల్లి మళ్లీ వాళ్లను చూడనేలేదు, 1813లో పోయింది. అదంతా మనసులో మెదులుతుంటే నేను వంగి ఆ చిన్న స్తంభాల మధ్యలోంచి లోపలికి చూస్తూ ఉండిపోయాను. పిన్ని కూడా పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది. "మూడేళ్లు చదివాను, దీని దగ్గరికి ఒక్కసారీ రాలేదే" అంది.